గౌట్ మందులు చేతికిచ్చే ముందు ప్రశ్నలడిగే షాపు: కాకినాడలోని మా మెడికల్ షాపుపై సమీక్ష

మెడికల్ షాపుల గురించి సమీక్షలు రాసేవారు సాధారణంగా రెండు విషయాలే చూస్తారు: బిల్లు మీద ఎంత శాతం తగ్గిస్తున్నారు, అడిగిన మందు వెంటనే దొరుకుతోందా లేదా. జలుబు మాత్రకు ఆ కొలత సరిపోవచ్చు గానీ, గౌట్ లాంటి జబ్బుకు ఏళ్ళ తరబడి మందులు వాడేవారికి అది ఏ మాత్రం సరిపోదు. మా నాన్నగారికి చాలాకాలంగా గౌట్ ఉంది. దానితోపాటు బీపీ, షుగరు ఉన్నాయి, కిడ్నీల పనితీరు కూడా కొంత తగ్గింది. ఆయన మందులన్నీ కాకినాడలో మా ఇంటికి దగ్గరలోని ఒక చిన్న మెడికల్ షాపు నుంచే తెచ్చుకుంటున్నాం. పేరు వేయవద్దని యజమాని కోరారు కాబట్టి వేయడం లేదు. అయితే అక్కడ మందు చేతికి ఇచ్చే ముందు జరిగే పని ఎలాంటిదో వివరంగా రాస్తే, ఎవరి ఊళ్ళో వారు అలాంటి షాపును వెతుక్కోవడానికి పనికొస్తుందనే ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

గౌట్ మందుల్లో రెండు రకాలున్నాయని ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళల్లో జరిగే పొరపాట్లలో చాలా వరకు ఈ రెండింటినీ కలగలపడం వల్లే జరుగుతాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది కరిగి ఉండలేక కీళ్ళలో స్ఫటికాలుగా పేరుకునే అవకాశం ఉంటుంది. ఆ స్ఫటికాల మీద శరీరం తిరగబడినప్పుడు బొటనవేలో, చీలమండో, మోకాలో ఒక్క రాత్రిలో వాచి ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుడుతుంది. ఆ నొప్పిని, వాపును అణచడానికి వాడే కొల్చిసిన్, నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు ఒక రకం. నొప్పితో సంబంధం లేకుండా రోజూ వేసుకుంటూ యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ రెండో రకం. మొదటి రకం యూరిక్ యాసిడ్‌ను తగ్గించదు. రెండో రకం ఆ పూట నొప్పిని తగ్గించదు. నొప్పి వచ్చినప్పుడు అల్లోప్యూరినాల్ రెండు మాత్రలు ఎక్కువ వేసుకునేవారు, నొప్పి తగ్గగానే దాన్ని పక్కన పడేసేవారు మన బంధువుల్లోనే కనిపిస్తారు.

ఈ షాపులో నాకు మొదట నచ్చింది ఈ తేడాను వాళ్ళు కవరు మీదే తేల్చేసే పద్ధతి. రెండు రకాల మందులనూ ఒకే ప్లాస్టిక్ సంచిలో వేసి ఇవ్వరు. ఖాకీ కాగితం కవర్లు రెండు తీసి, ఒకదాని మీద నీలి స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో ‘రోజూ ఒకటి, భోజనం తర్వాత, నొప్పి ఉన్నా లేకపోయినా’ అని, రెండోదాని మీద ఎర్ర పెన్నుతో ‘నొప్పి వచ్చినప్పుడే, చీటీలో రాసినన్నే’ అని తెలుగులో రాస్తారు. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది కింద వేరే వరుసలో ఉంటుంది. కళ్ళద్దాలు లేకుండా స్ట్రిప్పు మీది అక్షరాలు చదవలేని మా నాన్నగారికి ఆ కవర్లే అసలైన చీటీ. డాక్టరు మోతాదు మార్చినప్పుడు పాత కవరు వెనక్కి తెమ్మని అడిగి, మా ఎదుటే చించి, కొత్తది రాసిస్తారు. పాత కవరు ఇంట్లో ఉండిపోతే ఏదో ఒక రోజు పాత మోతాదే వేసుకునే ప్రమాదముందని వారి భయం, అది సరైన భయమే.

మొదటిసారి అల్లోప్యూరినాల్ చీటీ తీసుకెళ్ళిన రోజు అక్కడి ఫార్మసిస్టు, యజమాని గారి కోడలు, వెంటనే మందు తీయలేదు. నాన్నగారు బడిపంతులుగా రిటైరైన మనిషని తెలిసి, కుర్చీ వేసి, “మాస్టారూ, మీరు ఇప్పుడు వాడుతున్న మందులన్నీ ఒకసారి చెప్పండి, హోమియో అయినా, ఆకు పసరైనా సరే” అని అడిగింది. “అన్నీ ఎందుకమ్మా, ఈ ఒక్కటీ ఇవ్వు చాలు” అని నాన్నగారు అన్నా ఆమె వదల్లేదు. కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారు, క్రియాటినిన్ ఎంత వచ్చింది, ఇంతకుముందు ఏ మందుకైనా ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా, అజాథయోప్రిన్ అనే మందు ఎప్పుడైనా వాడారా అని వరుసగా అడిగింది.

అజాథయోప్రిన్ ప్రశ్న ఎందుకో నాకు అప్పుడు అర్థం కాక అడిగితే, ఆమె ఇచ్చిన వివరణ ఇది. అల్లోప్యూరినాల్ మన శరీరంలో యూరిక్ యాసిడ్‌ను తయారుచేసే జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది, ఫెబుక్సోస్టాట్ చేసే పనీ అదే. అయితే కిడ్నీ మార్పిడి జరిగినవారికి, కొన్ని రకాల కీళ్ళవాతాలకు, పేగుల జబ్బులకు ఇచ్చే అజాథయోప్రిన్‌ను శరీరం వదిలించుకోవడానికి అవసరమయ్యేది కూడా ఆ ఎంజైమే. రెండూ కలిపి వేసుకుంటే అజాథయోప్రిన్ ఒంట్లో పేరుకుపోయి ఎముక మూలుగ దెబ్బతింటుంది, రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. రెండు జబ్బులకు ఇద్దరు డాక్టర్లు, రెండు చీటీలు, రెండు షాపులు అయినప్పుడు ఈ కలయిక ఎవరి కంటా పడకుండా పోవచ్చు. మా నాన్నగారు ఆ మందు వాడడం లేదు గనుక ఆ ప్రశ్న అక్కడితో తీరిపోయింది. కానీ ఆ ఒక్క ప్రశ్న అడిగే షాపు మీద నాకు కలిగిన నమ్మకం మాత్రం ఈ రోజుకూ తగ్గలేదు.

ఆ రోజే ఇంకొకటి బయటపడింది. నాన్నగారు వాడుతున్న బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అన్న అక్షరం ఉంది. ఆ అక్షరం హైడ్రోక్లోరోథయజైడ్‌కు గుర్తు. అది మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు, యూరిక్ యాసిడ్‌ను పెంచుతుందన్నది వైద్యులందరికీ తెలిసిన విషయం. ఒకవైపు యూరిక్ యాసిడ్‌ను పెంచే మాత్ర, మరోవైపు దాన్ని తగ్గించే మాత్ర వేసుకుంటున్నట్టు లెక్క. ఫార్మసిస్టు ఆ మాత్రను తనంతట తాను ఆపలేదు, మార్చలేదు. చీటీ వెనక రెండు వాక్యాలు రాసి, ఇది డాక్టరుగారికి చూపించండి, ఈలోగా బీపీ మాత్ర మానకండి అని చెప్పింది. డాక్టరుగారు పరిశీలించి లోసార్టాన్‌కు మార్చారు. అది బీపీతోపాటు యూరిక్ యాసిడ్‌ను కూడా కొంత తగ్గించే మందు. బీపీ మాత్రలే కాదు, గుండె కోసం రోజూ వేసుకునే చిన్న ఆస్పిరిన్ కూడా యూరిక్ యాసిడ్‌ను కాస్త పెంచుతుంది, కానీ గుండెకు అవసరమని ఇచ్చినప్పుడు గౌట్ పేరు చెప్పి దాన్ని ఆపకూడదు. ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు అన్నది తేల్చవలసింది డాక్టరే. షాపు చేయవలసింది గమనించి చెప్పడం. ఈ హద్దును ఈ షాపువారు ఎంత గట్టిగా పాటిస్తారో, మన ఊళ్ళలో చాలా షాపులు అంత తేలిగ్గా దాటేస్తాయి.

అల్లోప్యూరినాల్ కొత్త మందేమీ కాదు. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ కలిసి చేసిన పరిశోధనల నుంచి వచ్చి, 1966లో అమెరికాలో అనుమతి పొందింది. ఆ ఇద్దరికీ 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత పాత, చవకైన, మేలైన మందుకు ఉన్న చెడ్డపేరంతా మొదలుపెట్టే విధానంలో తొందర వల్ల వచ్చినదే. 2020లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దీన్ని రోజుకు 100 మిల్లీగ్రాములకు మించకుండా మొదలుపెట్టాలి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి అంతకన్నా తక్కువతో మొదలుపెట్టాలి. రక్తపరీక్ష చేయించుకుంటూ, యూరిక్ యాసిడ్ 6 కన్నా తక్కువకు దిగేదాకా మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మందు 100, 300 మిల్లీగ్రాముల మాత్రల్లో వస్తుంది, ఒకే కంపెనీ స్ట్రిప్పులు రెండూ ఒకే పోలికతో ఉంటాయి. ఈ షాపులో 100 ఉన్న డబ్బాను, 300 ఉన్న డబ్బాను ఒకే అరలో పెట్టరు. రెండింటి మధ్య వేరే మందులు పెట్టి, 300 డబ్బా మీద ఎర్ర స్టిక్కరు అంటించారు. బల్ల మీద పెట్టేటప్పుడు స్ట్రిప్పును మనవైపు తిప్పి, అంకె మీద వేలు పెట్టి, “వంద, మాస్టారూ, వందే కదా చీటీలో” అని మనతోనే సరిచూపిస్తారు.

దద్దుర్ల గురించి ఆమె చెప్పిన మాట మాత్రం భయపెట్టేంత స్పష్టంగా ఉంది, అలాగే ఉండాలి. అల్లోప్యూరినాల్ వాడేవారిలో చాలా కొద్దిమందికి తీవ్రమైన అలర్జీ వస్తుంది. అది ఎక్కువగా మొదలుపెట్టిన తొలి వారాల్లో, రెండు మూడు నెలల లోపే కనిపిస్తుంది. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం, చర్మం పొరలుగా ఊడటం వంటివి ఏది కనిపించినా ఆ పూటే మాత్ర ఆపి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. దురద కదా అని సెట్రిజిన్ వేసుకుని అల్లోప్యూరినాల్ కొనసాగించడం ప్రాణాల మీదికి తెస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-బి 5801 అనే జన్యువు ఉన్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. హాన్ చైనీయులు, కొరియన్లు, థాయ్ ప్రజలు, ఆఫ్రికన్ అమెరికన్లకు మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయమని అదే మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మనవారికి అలాంటి ప్రత్యేక సూచన అందులో లేదు, అందువల్ల తొలి వారాల్లో ఒంటిని గమనించుకోవడం మరింత ముఖ్యం. ఫార్మసిస్టు ఈ విషయం నాన్నగారికి కాకుండా మా అమ్మకు ఫోనులో చెప్పింది. “మాస్టారు వీపు చూసుకోలేరు కదమ్మా, మీరే చూస్తుండండి” అంది. ఎంతో అనుభవం ఉంటే తప్ప ఆ మాట నోట రాదు.

ఇక కొల్చిసిన్. ఈ షాపు విలువ నాకు పూర్తిగా తెలిసింది ఈ మందు దగ్గరే. కొల్చిసిన్ మన చేలగట్ల మీద, కంచెల మీద పాకే అగ్నిశిఖ దుంపల్లోనూ గింజల్లోనూ ఉండే విషపదార్థమే. మందుగా వాడే మోతాదుకు, ప్రాణం తీసే మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ, విరుగుడు మందు ఆసుపత్రుల్లో దొరకదు. పూర్వం నొప్పి తగ్గేదాకా, లేదా విరేచనాలు పట్టుకునేదాకా గంటకో మాత్ర వేసుకోమని చెప్పేవారు. 2010లో వెలువడిన ఒక పరిశోధన, నొప్పి మొదలైన తొలి గంటల్లోనే తక్కువ మోతాదు వేసుకుంటే ఎక్కువ మోతాదు చేసినంత మేలే చేస్తుందని, విరేచనాల బాధ బాగా తగ్గుతుందని తేల్చింది. మన దగ్గర 0.5 మిల్లీగ్రాముల మాత్రలు దొరుకుతాయి. ఎన్ని వేసుకోవాలన్నది డాక్టరు కిడ్నీల స్థితి చూసి రాస్తారు, ఆ అంకె దాటకూడదు. అయినా పాత పద్ధతి ఇంకా పెద్దల నోళ్ళలో బతికే ఉంది. మా బంధువు ఒకాయన నాన్నగారికి అదే సలహా ఇచ్చి వెళ్ళారు కూడా. కవరు మీద ఎర్ర పెన్నుతో రాసిన ‘చీటీలో రాసినన్నే’ అన్న మాటలు ఆ రోజు అక్షరాలా పనికొచ్చాయి.

నేను ప్రత్యేకంగా చెప్పదలచిన సంఘటన ఒకటుంది. అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన కొత్తలో, నొప్పి తిరగబెట్టకుండా రోజుకొక కొల్చిసిన్ మాత్ర కూడా నాన్నగారు వాడుతున్న రోజుల్లో, ఆయనకు దగ్గు, జ్వరం వచ్చి వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. గౌట్ సంగతి ఆ డాక్టరుకు నాన్నగారు చెప్పలేదు, ఆయన అడగలేదు. చీటీ షాపుకు చేరగానే ఫార్మసిస్టు తమ దగ్గరున్న పాత బిల్లుల పుస్తకంలో నాన్నగారి పేజీ తీసి చూసి, మందు ఇవ్వకుండా చీటీ పక్కన పెట్టింది. క్లారిత్రోమైసిన్ కొల్చిసిన్‌ను శరీరం నుంచి బయటికి పోనివ్వదు. రెండూ కలిసినప్పుడు, ముఖ్యంగా కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో, మరణాలు నమోదయ్యాయి. ఆమె ఆ డాక్టరుగారికి ఫోను చేసి, మర్యాదగా, “సార్, ఈ పేషెంటు కొల్చిసిన్ మీద ఉన్నారండి, కిడ్నీ కూడా కొంచెం వీక్” అని చెప్పింది. ఆయన కూడా వెంటనే విషయం గ్రహించి వేరే యాంటీబయాటిక్‌కు మార్చారు. అదంతా బల్ల ముందు కొద్ది నిమిషాల్లో ముగిసింది. నాన్నగారికి జరిగినదేమిటో కూడా పూర్తిగా తెలియదు. ఆ ఫోను చేయకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు మనసొప్పదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికి ఏ మందు రాసినా ఆ చీటీ ముందు ఈ షాపుకే వెళుతుంది.

క్లారిత్రోమైసిన్ ఒక్కటే కాదు, కొన్ని ఫంగస్ మందులు, వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే గుండె మందులు, సైక్లోస్పోరిన్ కూడా కొల్చిసిన్‌తో కలిస్తే ప్రమాదమే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో కలిపి వాడేవారికి కండరాల నొప్పి, నీరసం వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలైతే అవి కొల్చిసిన్ ఎక్కువైందని తొలి హెచ్చరిక కావచ్చు. అప్పుడు మందు ఆపి ఫోను చేయమని షాపువారు చెబుతారు.

నొప్పి మాత్రల విషయంలో ఈ షాపు మీద వీధిలో కొందరికి కోపం ఉంది. డిక్లోఫినాక్, ఎటోరికాక్సిబ్, ఇండోమెథాసిన్ వంటివి చీటీ లేకుండా అడిగితే ఇవ్వరు. గౌట్ నొప్పితో కుంటుకుంటూ వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం కఠినంగానే కనిపిస్తుంది. ఒకాయన బల్ల మీద గట్టిగా కొట్టి, పక్క వీధిలో దొరుకుతుందిలే అని వెళ్ళిపోవడం నేను చూశాను. అయినా నేను షాపు పక్షమే. గౌట్ ఉన్నవారిలో చాలామందికి బీపీ, షుగరు, కిడ్నీ బలహీనత, గుండె జబ్బు కూడా ఉంటాయి. ఈ మాత్రలు అదే కిడ్నీల మీద, కడుపు మీద, గుండె మీద దెబ్బ వేస్తాయి, రక్తం పలుచబడే మందులు వాడేవారికి కడుపులో రక్తస్రావం తెస్తాయి. నొప్పి మాత్ర పడని వారికి డాక్టర్లు కొద్దిరోజుల స్టెరాయిడ్ కోర్సు రాస్తారు, అది మా నాన్నగారికీ రాశారు. అప్పుడు షాపులో చెప్పిన జాగ్రత్తలు రెండే: ఈ రోజుల్లో షుగరు తప్పనిసరిగా పెరుగుతుంది, రోజూ పరీక్ష చేసుకోండి; కోర్సు అయ్యాక మిగిలిన మాత్రలు తర్వాతి నొప్పికి దాచుకోవద్దు. కీళ్ళనొప్పులకు అద్భుతంగా పనిచేస్తుందని పేరు లేకుండా పొట్లాల్లో అమ్మే పొడులను కూడా వారు అమ్మరు. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు బయటపడుతూనే ఉన్నాయి కాబట్టి, ఈ నియమం నాకు ఎంతో నచ్చింది.

అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన తొలి నెలల్లో నొప్పి ఇంకా ఎక్కువసార్లు రావచ్చన్న సంగతి రోగికి ముందే తెలియకపోతే, మందు వికటించిందని అనుకుని మానేస్తాడు. కీళ్ళలో పేరుకున్న స్ఫటికాలు కరుగుతూ కదిలేటప్పుడు వాపు రావడం సహజం. అందుకే తొలి మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదు కొల్చిసిన్ వంటివి తోడుగా ఇస్తారు. నొప్పి వచ్చినా రోజువారీ మాత్ర ఆపకూడదు. నాన్నగారికి మోకాలు వాచిన రోజు, “ఈ మాత్ర నాకు పడలేదు” అని కవరు తీసుకుని షాపుకు తిరిగివెళితే, యజమాని గారు తానే లేచి వచ్చి, “మాస్టారూ, ఒంటి మీద దద్దుర్లు లేవు కదా, అయితే ఇది మందు పనిచేస్తోందనడానికే గుర్తు, ఆపకండి, డాక్టరుగారికి ఫోను చేద్దాం” అని కూర్చోబెట్టి మాట్లాడారు. నొప్పి వచ్చిన రోజుల్లో చేసిన యూరిక్ యాసిడ్ పరీక్ష మామూలుగా కూడా రావచ్చు, దాన్ని చూసి జబ్బు లేదనుకోవద్దు, నొప్పి తగ్గిన రెండు వారాల తర్వాత మళ్ళీ చేయించండి అని కూడా చెప్పారు. వీటిలో ఒక్కదానికీ ఆయన రూపాయి తీసుకోలేదు. రోగికి ఇలా వివరించి చెప్పడం ఫార్మసిస్టు విధుల్లో ఒకటని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లోనే ఉంది. ఉన్నా, దాన్ని నిజంగా పాటించే బల్లలు ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు.

ఫెబుక్సోస్టాట్ గురించి కూడా వారి వైఖరి నాకు నచ్చింది. యూరిక్ యాసిడ్ అనగానే మన దగ్గర ఈ మందునే మొదట రాయడం మామూలైపోయింది. 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, గుండె జబ్బు ఉన్నవారిలో అల్లోప్యూరినాల్ కన్నా దీనితో గుండె సంబంధ మరణాలు ఎక్కువగా కనిపించాయి, 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని మీద తీవ్ర హెచ్చరిక పెట్టింది. 2020లో ఐరోపాలో వెలువడిన మరో అధ్యయనం అలాంటి తేడా లేదని తేల్చింది. కాబట్టి ఇది వాడకూడని మందేమీ కాదు, అల్లోప్యూరినాల్ పడనివారికి ఇదే ఆధారం కూడా. అయితే గుండె జబ్బు ఉన్నవారు ఆ సంగతి రాసే డాక్టరుకు తప్పక చెప్పాలి. అల్లోప్యూరినాల్ స్టాకు లేనప్పుడు, “అదీ ఇదీ ఒకటే” అని ఫెబుక్సోస్టాట్ చేతిలో పెట్టడం ఈ షాపులో నేను ఎప్పుడూ చూడలేదు. అదే మందు వేరే కంపెనీది ఇవ్వవలసి వస్తే కూడా, మాత్ర రంగు మారుతుందని, మందు మాత్రం అదేనని ముందే చెప్పి ఇస్తారు.

ధర గురించి అడిగితే, జన ఔషధి కేంద్రంలో ఇంకా చవకగా దొరుకుతుందని తామే చెబుతారు. తమ వ్యాపారానికి నష్టమని తెలిసి కూడా చెప్పే ఈ మాటను నేను గౌరవిస్తాను. ఏళ్ళ తరబడి వాడవలసిన మందు, డబ్బు చాలక మధ్యలో ఆగిపోవడం కన్నా చవకైన చోట కొని కొనసాగించడమే మేలు. మేము మాత్రం ఇక్కడే కొంటున్నాం, ఎందుకంటే ఆ పాత బిల్లుల పుస్తకం ఇక్కడే ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. మొదటిది, సాయంత్రం రద్దీ వేళల్లో, ముఖ్యంగా రాత్రి ఎనిమిది తర్వాత, ఫార్మసిస్టు ఇంటికి వెళ్ళిపోతే బల్ల దగ్గర కుర్రవాళ్ళే ఉంటారు. వాళ్ళు మర్యాదస్తులే గానీ, పైన చెప్పిన ప్రశ్నలేవీ అడగరు, కవరు మీద రాయరు. చట్టప్రకారం చూసినా, రోగి క్షేమం ప్రకారం చూసినా ఇది సరికాదని యజమాని గారితో నేరుగా చెప్పాను, ఆయన కాదనలేదు, కానీ మార్పు ఇంకా రాలేదు. రెండోది, విడి మాత్రలు అడిగితే స్ట్రిప్పును కత్తిరించి ఇస్తారు, అప్పుడు గడువు తేదీ ఉన్న ముక్క ఒక్కోసారి షాపులోనే మిగిలిపోతుంది. కొల్చిసిన్ లాంటి, ఎప్పుడో గానీ వాడని మందుకు ఆ తేదీయే ముఖ్యం. అందువల్ల కవరు మీద గడువు తేదీ కూడా రాసివ్వమని అడిగి తీసుకోవడం మంచిది. మూడోది, బల్ల ముందు నిలబడిన అందరి ఎదుటా మన కిడ్నీల సంగతి, మద్యం అలవాటు సంగతి చెప్పుకోవలసి వస్తుంది. బీరు, కల్లు అలవాటు గౌట్‌కు నేరుగా సంబంధించిన విషయం, దాన్ని పదిమందిలో ఎవరూ నిజం చెప్పరు. పక్కన చిన్న తెర అయినా కడితే బాగుంటుంది. ఇంటికి మందులు పంపే ఏర్పాటు కూడా లేదు.

ఆ ఏర్పాటు లేకపోవడం వల్లనే, హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉన్న పిల్లలు ఊళ్ళోని తల్లిదండ్రులకు ఫోను యాప్‌లలో నెలనెలా మందులు తెప్పిస్తున్నారు. మా తమ్ముడు కూడా కొంతకాలం అలాగే పంపాడు. మందు వేళకు వచ్చేది, ధర తక్కువ, కాదనను. కానీ డాక్టరు మోతాదు పెంచిన నెలలో కూడా పాత మోతాదే ఆటోమేటిక్‌గా వచ్చింది, దాన్ని గమనించి అడిగే మనిషి ఆ గొలుసులో ఎక్కడా లేడు. నొప్పి వచ్చినా రాకున్నా కొల్చిసిన్ కూడా నెలనెలా వచ్చి ఇంట్లో పేరుకుంది, మనవలు తిరిగే ఇంట్లో అంత కొల్చిసిన్ నిల్వ ఉండటం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు. మోతాదు స్థిరపడి, పరీక్షలు క్రమంగా చేయించుకుంటున్న వారికి రోజువారీ మాత్ర వరకు యాప్ సౌకర్యం మంచిదే. మందు కొత్తగా మొదలుపెట్టినవారికి, మోతాదు మారుతున్నవారికి, ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్ళేవారికి నేను దాన్ని సిఫారసు చేయను.

షాపు గోడ మీద, బిల్లు కొట్టే కంప్యూటరు పక్కన, భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వారి టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024 పెద్ద అక్షరాల్లో అంటించి ఉంది. మందు వల్ల ఏదైనా చెడు జరిగిందని అనుమానం వస్తే, డాక్టరే కాదు, రోగి కూడా ఆ నంబరుకు తెలియజేయవచ్చు. ఇది అత్యవసర చికిత్స కోసం కాదు, దానికి ఆసుపత్రికే వెళ్ళాలి. కానీ అలాంటి నంబరు ఒకటి ఉందని ఒక మెడికల్ షాపు గోడ మీద నేను చదవడం అదే మొదటిసారి.

గౌట్ మందుల కోసం ఇలాంటి షాపుకు వెళ్ళేవారు ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మధ్య వెళితే ఫార్మసిస్టు తీరిగ్గా మాట్లాడగలరు. వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం హోమియో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ఈమధ్య చేయించిన క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ రిపోర్టులు, పాత చీటీ, కొత్త చీటీ రెండూ తీసుకెళ్ళండి. రాత్రి పూట మందు తప్పనిసరిగా తీసుకోవలసి వస్తే, కవరు మీద రాత లేకుండా తెచ్చుకోకండి, మర్నాడు ఉదయం మళ్ళీ తీసుకెళ్ళి ఆమె చేతే రాయించుకోండి, రాసిస్తారు.